ముక్కు చెప్పిన ఊరు

కళ్లు తెరవకముందే బలరానికి ముక్కు మేలుకుంది. కాలిన బొగ్గు మీద నీళ్లు కుమ్మరిస్తే లేచే ఆవిరి వాసన. అందులో తారు ఘాటు కొంచెం, కుళ్లిన గుడ్డు కంపు కొంచెం. భిలాయి ఉక్కు కర్మాగారంలో బొగ్గును మాడ్చే కోక్ ఓవెన్ల మీద నిలబడి నెత్తి నెరిసిన మనిషికి అది ఇంటి వాసన. కళ్లు తెరిచాడు. రైలు ఆగి ఉంది. కిటికీ అవతల పొగగొట్టాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆకాశం ఒక పక్క బూడిద రంగు, ఇంకో పక్క ఎరుపు. గొట్టాల వెనక ఎక్కడో కొలిమిలో కరిగిన చిట్టెం పారబోసినట్టున్నారు, మబ్బు అంచు ఒక్కసారి భగ్గుమని మళ్లీ చల్లారింది.

"తెల్లారీసింది. ఒచ్చీసినాం" అనుకున్నాడు బలరాం.

అది తెల్లవారడం కాదు, పొద్దుగూకడం. ఆ ఊరు భిలాయి కాదు, రూర్కేలా. మధ్యాహ్నం హౌరాలో ఎక్కిన రైలు భిలాయి చేరాలంటే ఇంకా ఒక రాత్రంతా పరిగెత్తాలి. కానీ ఒళ్లునొప్పులని కోడలు సత్యవాణి ఇచ్చిన మాత్ర వేసుకుని, ఖరగ్‌పూర్ దాటగానే నడుం వాల్చిన బలరానికి ఆ నిద్రే ఒక రాత్రంత అయింది. చీకటి పడబోయే ఆకాశానికీ తెల్లారబోయే ఆకాశానికీ తేడా, నిద్రలోంచి లేచిన వాడి కంటికి ఆనదు. ఉక్కు ఊళ్లు కూడా అంతే. దూరం నుంచి చూస్తే ఒక్క తల్లి బిడ్డలు.

ప్రయాణం మొదలైన దగ్గర్నుంచీ ఆయన ముక్కునే నమ్ముకుని ఉన్నాడు. కొడుకు ఉదయ్‌కుమార్‌కి ప్లాంటులో సెలవు దొరక్కపోతే, భార్య నూకమ్మనీ, కోడలినీ, నాలుగేళ్ల మనవరాలు ప్రియనీ వెంటబెట్టుకుని కాశీ, గయ, కలకత్తా తిరిగి వస్తున్నాడు. కాశీ అంటే ఆయనకి నెయ్యి మాడిన వాసన, తడి బంతిపూల వాసన. గయ అంటే పిండిముద్దల పులుపు. బెంగాలులో అడుగుపెట్టామని స్టేషను బోర్డు చూసి కాదు, ఆవనూనెలో వేగుతున్న చేప వాసన పట్టి చెప్పాడు. "నా కళ్లకి గుడ్డ కట్టి కూకోబెట్టండే. ఏ దేశంలో ఉన్నామో నాను సెప్తాను" అని హౌరా ధర్మశాలలో తోటి యాత్రికుల ముందు గొప్పలు పోయాడు. నూకమ్మ మూతి తిప్పింది. "పక్క గదిలో ఏటి వండుతున్నారో సెప్పడానికి దేశాలు తిరగాలేటి" అంది.

ఇక భిలాయిలో దిగే పద్ధతి ఒకటుంది. పెద్ద రైళ్లు అక్కడ ఆగవు, ముందుకెళ్లి దుర్గ్‌లో ఆగుతాయి. అయితే ప్లాంటు పక్కన సిగ్నల్ దగ్గర చాలాసార్లు నిలబడతాయి, లేకపోతే నడకలా నడుస్తాయి. ప్లాంటు మనుషులంతా ఆ అదను చూసుకుని దిగిపోతారు. ముందు మగాళ్లు, పిల్లలు. తరవాత ఆడాళ్లు పైనుంచి సామాను అందిస్తారు. పట్టాలు దాటి ఇంటికి పోవడమే. దుర్గ్ దాకా పోయి, బస్సెక్కి సుపేలా వచ్చి, మళ్లీ ఆటో మాట్లాడుకుని రిసాలిలో ఇంటికి చేరడం కొత్తవాళ్లు చేసే పని. "తెల్లారేసరికి సిగ్నల్ కాడ ఉంటాం. నాను పిల్లగుంటని దించుతాను, మీరు సామానందివ్వండి" అని హౌరాలోనే అందరికీ చెప్పి ఉంచాడు.

అందుకే ఆయన ఆలోచించలేదు. ఎదుటి బెర్తు మీద నూకమ్మ ముఖం మీద కొంగు కప్పుకుని నిద్రపోతోంది. సత్యవాణి కనబడలేదు. ప్రియ తిన్న పళ్లెం కడగడానికి పెట్టె ఆ చివరకి వెళ్లింది. సామాను తలుపు దగ్గరికి చేర్చడానికి వెళ్లిందని బలరాం అనుకున్నాడు. ప్రియ కిటికీ దగ్గర కూచుని మరమరాలు ఏరుకు తింటోంది.

"దా తల్లీ. ఇల్లొచ్చీసింది."

"పాపా ఆయేగా?"

"మీ నాన్న ఒస్తాడు. ఇక్కడే ఉంటాడు. బేగి రా."

"నూకా, లే" అని భార్యని ఒక్క తట్టు తట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, పిల్లని చంకనెత్తుకుని తలుపు దగ్గరికి నడిచాడు. ఒంటి మీద బనీను, లుంగీ. చొక్కా కొక్కేనికే వేలాడుతోంది. ముందు తను దిగి, తరవాత పిల్లని కంకర మీదకి దించుకున్నాడు. తల పైకెత్తి కేకేశాడు.

"సత్యవాణీ, సామానందియ్యి."

తలుపు దగ్గర నిలబడి బీడీ కాలుస్తున్న మనిషి కిందికి వింతగా చూశాడు. కూత వినిపించింది. పెట్టెలు ఒకదాన్నొకటి లాక్కుని కదిలాయి.

బలరాం కంగారుపడలేదు. ఆడాళ్లు దుర్గ్ పోయి వస్తారు, అంతే కదా. నూకమ్మ తిట్లు తినాలి. అది కొత్త కాదు. చివరి పెట్టె దాటిపోయాక పిల్లని భుజాల మీద కూచోబెట్టుకుని పొగగొట్టాల వైపు నడక సాగించాడు.

కాలిబాట వెంట ఒక ఆడమనిషి నెత్తిన ఆకుకూరల బుట్టతో ఎదురొచ్చి, "కువాడే జిబ?" అని అడిగింది. ఎక్కడికని ఒరియాలో పలకరింపు. బలరాం "ఘర్" అని నవ్వాడు. భిలాయిలో ఆయన క్వార్టరుకి ఒక పక్క ఒరియావాళ్లు, ఇంకో పక్క మలయాళీలు, వెనక బెంగాలీలు ఉండేవారు. దేశంలో ఉన్న భాషలన్నీ పొద్దున్నే మునిసిపాలిటీ కుళాయి దగ్గర వినిపించే ఊరు ఆయనది. అలాంటి ఊరి మనిషికి ఒరియా మాట వినిపిస్తే ఊరు మారిందన్న అనుమానం ఎందుకొస్తుంది? సైకిళ్ల మీద టిఫిన్ డబ్బాలు వేలాడేసుకుని మనుషులు పోతున్నారు. ఫస్టు షిఫ్టు వాళ్లు అనుకున్నాడు. చెట్ల మీద పిట్టలు గోల చేస్తున్నాయి. లేచిన పిట్టలు అనుకున్నాడు.

పట్టాల పక్కన గేటు, గేటు పక్కన టీ కొట్టు వచ్చాయి. ఈ గేటు ఆయనకి గుర్తు లేదు. కొత్తగా పెట్టారు కాబోలు అనుకుంటూ నిలబడ్డాడు. మెడ మీద ప్రియ కాళ్లు ఊపుతూ, "తాతా, అంధేరా హో రహా హై" అంది.

"ఏటి?"

"చీకటి."

బలరాం ఆకాశం వంక చూశాడు. ఇందాక ఎర్రగా ఉన్న పక్క ఇప్పుడు మాసిపోయింది. బూడిద రంగు నల్లబడింది. రోడ్డు మీద దీపాలు ఆరిపోవాల్సిన వేళ, ఒకటీ ఒకటీ వెలుగుతున్నాయి. ఆయన అలాగే నిలబడ్డాడు. ఒక నిమిషం ఆగితే సూర్యుడు తేలతాడన్నట్టు నిలబడ్డాడు. ఇంకాస్త చీకటి పడింది.

పిల్లని కిందికి దించి, చెయ్యి పట్టుకుని, టీ కొట్టు దగ్గర ఉన్న ఒకతన్ని అడిగాడు. "భయ్యా, సుపేలా కిధర్?"

"కౌన్సా సుపేలా?"

"సుపేలా మార్కెట్. భిలాయి."

అతను గ్లాసు కింద పెట్టాడు. "భిలాయి? చాచా, యే రూర్కేలా హై."

కాళ్ల కింద కంకర జారినట్టయింది. రూర్కేలా. ఆ పేరు ఆయన విన్నాడు. ఒకసారి ప్లాంటు మనుషులు కొంతమంది అక్కడికి బదిలీ అయి పోయారు. ఇంటికి ఎంత దూరమో, ఏ దిక్కో తెలీదు. డబ్బులు చొక్కా జేబులో ఉన్నాయి. చొక్కా రైల్లో ఉంది. రైలు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. ఆయన చేతిలో ఉన్నది కొడుకు బిడ్డ ఒక్కత్తే.

"తాతా, పానీ."

"ఉండమ్మా."

"పానీ. మమ్మీ కే పాస్ జానా హై." అమ్మ కావాలంటూ చెయ్యి విదిలించుకుని ప్రియ పట్టాల వైపు ఉరికింది. దూరంగా ఇంజిను దీపం కనిపిస్తోంది. బలరాం రెండంగల్లో వెళ్లి రెక్క దొరకబుచ్చుకుని వెనక్కి లాగాడు. ఆ లాగడంలో పిల్ల మోకాలు కంకరకి గీసుకుంది. భయంలో ఏం చేస్తున్నాడో తెలీక, "సస్తావే గుంటా" అని అరిచి, చెయ్యెత్తాడు. కొట్టలేదు. పుట్టినప్పటి నుంచీ తాత ఒక్క గట్టి మాటైనా అనని పిల్ల అది. నోరు తెరిచి, ఊపిరి పట్టి, తరవాత ఒక్కసారి గుక్కపెట్టింది. గూడ్సుబండి గేటు ముందు నుంచి దడదడలాడుతూ పోయింది. ఆ మోత ఆగేసరికి చుట్టూ మనుషులున్నారు.

బనీను, లుంగీ, మాసిన గడ్డం. చేతిలో మంచి గౌను తొడుక్కుని, మోకాలు నెత్తురోడుతూ, అమ్మ కోసం ఏడుస్తున్న ఆడపిల్ల. వాళ్లు ఏమనుకున్నారో బలరానికి వాళ్ల ముఖాల్లోనే కనబడింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఆ రోజుల్లో ఏ ఊళ్లో చూసినా గుసగుసలే.

"బచ్చీ కిస్కీ హై?" పిల్ల ఎవరిదని స్కూటరు దిగిన ఒక కుర్రాడు అడిగాడు.

"మేరీ పోతీ. మేరా లడ్కే కా..." మనవరాలని చెప్పబోయిన బలరానికి ప్లాంటులో సరిపోయిన హిందీ ఇక్కడ నోట్లోంచి రావడం లేదు.

"ఎక్కడి నుంచి?"

"భిలాయి."

"భిలాయి నుంచి ఇక్కడికి ఎందుకొచ్చావు?"

"భిలాయి అనుకునే దిగాను."

ఎవరో నవ్వారు. అది మంచి నవ్వు కాదు. కుర్రాడు పిల్ల ముందు మోకాళ్ల మీద కూచుని, ఈయనెవరని అడిగాడు. "బేటా, యే కౌన్ హై?"

ప్రియ బలరాం వైపు చూసింది. ఆ చూపులో ఇంకా ఆ ఎత్తిన చెయ్యే ఉంది. "గందా హై" అంది వెక్కుతూ. "ఇస్‌కే సాథ్ నహీ జానా."

చెడ్డవాడట. వీడితో వెళ్లనంటోంది. వెనక నుంచి ఒక దెబ్బ బలరాం మెడ మీద పడింది. తూలి, నిలదొక్కుకున్నాడు. టీ కొట్టు ఆవిడ గబగబా వచ్చి పిల్లని చంకనేసుకుంది. పిల్ల చెయ్యి ఆయన చేతిలోంచి జారిపోయింది. "ముందు నీళ్లు తాగనివ్వండి, తరవాత మీ పంచాయితీ" అని మగాళ్లని గదమాయించింది.

"థానాకి తీసుకుపోదాం. పిల్లని నా స్కూటరు మీద కూచోబెట్టండి. ముసలాణ్ణి వెనకాల తీసుకురండి" అన్నాడు కుర్రాడు.

బలరాం పిల్ల వైపు చూశాడు. దెబ్బలు పరవాలేదు. పోలీసులు కూడా పరవాలేదు. కానీ ఈ స్కూటరు ఈ చీకట్లో ఎటు పోతుందో. సత్యవాణి వెతుక్కుంటూ వస్తే ఎటునుంచి వస్తుంది? ఈ పట్టాల మీదనే వస్తుంది. ఇంకో దారి ఆమెకి తెలీదు. పిల్ల ఇక్కణ్ణుంచి కదిలిందంటే, ఈ పెద్ద దేశంలో తల్లీ బిడ్డా మళ్లీ కలవడం ఎవరి చేతుల్లోనూ ఉండదు.

ఆయన వెళ్లి స్కూటరుకి అడ్డంగా నిలబడ్డాడు. ఇంకో దెబ్బ పడింది. కదల్లేదు. భుజం మీద తువ్వాలు తీసి కుర్రాడి చేతిలో పెట్టాడు.

"బాంధ్ దో" అన్నాడు. "ముఝే బాంధ్ దో. మారో. బచ్చీ ఇధర్ రఖో. ఉస్కా మా ఆయేగా. లైన్ మే ఆయేగా."

తల్లి వచ్చేదాకా పిల్లని ఇక్కడే ఉంచి, తనని కట్టెయ్యమంటున్నాడని కుర్రాడికి అర్థం కాలేదు. బలరాం గేటు పక్కన పాతిన పట్టా ముక్క దగ్గరికి నడిచి, దానికి వీపు ఆనించి, రెండు చేతులూ వెనక్కి పెట్టి నిలబడ్డాడు. అలా తనంతట తాను కట్టించుకునే దొంగని వాళ్లు చూసి ఉండరు. గేట్‌మన్, పెద్దవయసాయన, గదిలోంచి లాంతరు పట్టుకొచ్చి బలరాం ముఖం మీదకి ఎత్తి చూశాడు.

"కట్టండి" అన్నాడు. "పిల్ల ఇక్కడే ఉంటుంది. స్టేషనుకి ఫోను చేస్తాను. ఎవరైనా అడుగుతూ వస్తే సరే. రాకపోతే థానా ఎక్కడికీ పోదు."

కట్టారు. తువ్వాలు ముడి మణికట్టు ఎముకల మీద గట్టిగా పడింది. టీ కొట్టు బల్ల మీద ప్రియ బిస్కెట్టు పాలలో ముంచుకుంటోంది. ఒకసారి తలెత్తి కట్టేసిన తాతని చూసి, మళ్లీ తల దించుకుంది. బలరాం చూపు పట్టాల మీద నుంచి తియ్యలేదు. వాసన ఇంకా వస్తూనే ఉంది. అదే బొగ్గు, అదే తారు. జీవితంలో మొదటిసారి ఆయన ఆ వాసన పీల్చకుండా నోటితో ఊపిరి తీసుకున్నాడు.

రాకపోతే? నూకమ్మ ఇంకా నిద్ర లేవకపోతే, పిల్ల తాతతో ఇంకో పెట్టెలో ఉందిలే అని సత్యవాణి అక్కడ వెతుకుతూ ఉంటే, రైలు స్టేషన్లో ఆగి, ఆడాళ్లతో సహా మళ్లీ బయల్దేరిపోతే? ఆలోచనలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. చుట్టూ జనం పల్చబడ్డారు, కుర్రాడు మాత్రం స్కూటరు మీద కూచుని కాపలా కాస్తున్నాడు.

చాలాసేపటికి స్టేషను వైపు నుంచి ఒక చేతిదీపం ఊగుతూ వచ్చింది. దాని ముందు ఒక ఆడమనిషి. చీర కుచ్చిళ్లు నడుంలో దోపుకుని, పట్టాల నడుమ స్లీపరు దిమ్మ మీంచి దిమ్మ మీదకి అంగలేస్తూ, మధ్యలో పడి లేస్తూ వస్తోంది. దీపం పట్టుకున్న రైల్వే మనిషి ఆమెని అందుకోలేకపోతున్నాడు.

"మమ్మీ" అని ప్రియ బల్ల దిగింది.

సత్యవాణి పిల్లని ఎత్తుకోలేదు, మీద పడిపోయింది. ముఖం, చేతులు, మోకాలు అన్నీ తడిమి చూసింది. మోకాలి మీద నెత్తురు చూసి ఆగింది. అప్పుడు తల తిప్పితే గేటు దగ్గర మావగారు కనిపించాడు, చేతులు వెనక్కి కట్టి.

"దీదీ" అన్నాడు కుర్రాడు, "ఈయన మీకేమవుతాడు?"

సత్యవాణి పిల్ల మోకాలికి కొంగు అదిమి, ఆయన వంకే చూసింది. బలరాం ఆమె కళ్లలోకి చూశాడు. పెళ్లై వచ్చిన నాటి నుంచీ ఎదురుగా నిలబడి మాట తిరగెయ్యని కోడలు. ఇప్పుడు ఆ కళ్లలో ఆయనకి ఒక పరాయి ఆడది కనబడింది. మావగారని చెప్పకపోయినా ఆమె తప్పు కాదనిపించింది.

"ససుర్ హై" అంది చివరికి. "ఖోలియే."

కుర్రాడు ముడి విప్పలేక పళ్లతో లాగాడు. క్షమించమన్నట్టు ఏదో గొణిగాడు. గేట్‌మన్ తువ్వాలు దులిపి బలరాం భుజాన వేశాడు. "చాచా, వాసన ఒకటే, పొగ ఒకటే, జీతాలు కూడా ఒకటే. ఊరు మాత్రం వేరు" అన్నాడు. టీ కొట్టు ఆవిడ నవ్వింది. బలరాం నవ్వడానికి చూశాడు గానీ మొహం మాట వినలేదు.

స్టేషను దాకా సత్యవాణి పిల్లని దింపకుండా మోసుకెళ్లింది. బలరాం వెనకాల నడిచాడు. దారిలో ఒక్కసారే మాట్లాడింది, వెనక్కి తిరక్కుండా.

"పళ్లెం కడిగి వచ్చేసరికి సీటు ఖాళీ. ఎవడో బీడీ తాగేవాడు, బుడ్ఢా పిల్లని తీసుకుని దిగిపోయాడన్నాడు. రైలు స్టేషన్లో ఆగిందాకా... మావయ్యా, ఆ కాస్తసేపు నాకేమైందో మీకు చెప్పలేను."

బలరాం ఇంకో రెండడుగులు వెనకబడ్డాడు.

ప్లాట్‌ఫారం మీద నూకమ్మ మూటల మధ్య కాళ్లు చాపుకుని కూచుని ఉంది. మనవరాలిని చూసి కళ్లు తుడుచుకుంది. మొగుణ్ణి చూసి కొంగు దులిపింది.

"ఏటయ్యా, కాశీలో కాకరకాయ ఒగ్గీసినానన్నావు. బుర్ర కూడా అక్కడే ఒగ్గీసినావేటి?" చొక్కా ఆయన మీదకి విసిరింది. "తొడుక్కో. దొంగలా ఉన్నావు."

"అలాగే అనుకున్నారు" అన్నాడు బలరాం.

నూకమ్మ ఆయన మణికట్టు మీద ఎర్రని చారలు చూసింది. మూట ఒకటి పక్కకి జరిపి ఆయనకి చోటు చేసింది.

దుర్గ్ మీదుగా పోయే తరవాతి బొంబాయి బండి వచ్చేసరికి ప్లాట్‌ఫారం కిక్కిరిసి ఉంది. రిజర్వేషను లేని పెట్టె. తలుపులో మనుషులు ద్రాక్షగుత్తిలా వేలాడుతున్నారు. సత్యవాణి భుజంతో తోసుకుంటూ నూకమ్మని ఎక్కించింది. నూకమ్మ లోపల్నుంచి కమ్మీలు లేని కిటికీ దగ్గరికి ఎలాగో చేరింది. మూటలు ఒకటొకటిగా కిటికీలోంచి పోయాయి. ఇక సత్యవాణి ఎక్కాలి. చంకలో పిల్లతో మెట్టు మీద కాలు పెట్టింది. పైనుంచి దిగే మనిషి మోచెయ్యి తగిలి వెనక్కి పడబోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. పిల్ల నలిగి ఏడ్చింది. కిటికీ ఎత్తుగా ఉంది, ఆమెకి అందదు.

బలరాం రెండు చేతులూ వెనక పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇప్పుడెవరూ కట్టలేదు.

"పట్టండి మావయ్యా."

"ఆ పోర్టరుకియ్యమ్మా" అన్నాడు. "నా సేతికొద్దు."

"పోర్టరు నాకేమవుతాడు?" గార్డు ఈల వినిపించింది. సత్యవాణి ఆయన చేతులు ముందుకి లాగి, పిల్లని వాటి మధ్య పెట్టి, వెనక్కి చూడకుండా జనంలోకి దూరిపోయింది.

ప్రియ బిగుసుకుపోయింది. బలరాం ఆమెని పట్టుకున్నది పట్టుకున్నట్టే లేదు, వేడి గిన్నె ఎత్తినట్టు ఎత్తాడు. కిటికీ దగ్గరికి నడిచి తల మీదకి లేపాడు. లోపల్నుంచి నూకమ్మ చేతులు వచ్చాయి. బండి కదిలింది. పిల్ల సగం లోపల, సగం బయట. బలరాం బండితో పాటు నడిచాడు, నడక కాస్తా పరుగైంది. లోపల మనిషి గట్టిగా పట్టుకుందో లేదో అని ఆయన వదల్లేదు. పిల్ల బరువు అరచేతుల్లోంచి పూర్తిగా లేచిపోయి, చిన్న చెప్పుకాళ్లు కిటికీ లోపలికి మాయమయ్యాక గానీ చేతులు దించలేదు.

అప్పటికి తలుపు ఆయన్ని దాటి ముందుకి పోయింది. ఆ తలుపులో, వేలాడే మనుషుల నడుమ, సత్యవాణి కొంగు ఎగురుతూ కనిపించింది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి బయటికి చాపింది.

"బేగి మావయ్యా. బేగి."

బలరాం పరిగెత్తాడు. చొక్కా గుండీలు పెట్టుకోలేదు. గాలికి అది తెరచాపలా లేచింది. సత్యవాణి వేళ్లకి ముందు ఆ చొక్కా అంచే దొరికింది. దాన్ని పట్టుకునే ఆమె లాగింది.